మేకపోతు వీర్యానికి చలి నిల్వ: గోదావరి డెల్టాలో ఎద సూది చరిత్ర

మేకపోతు వీర్యాన్ని సేకరించి, పలుచన చేసి, సన్నటి ప్లాస్టిక్ నాళికల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ చలి ఉండే ద్రవ నత్రజనిలో ముంచి ఉంచితే అది ఏళ్ల తరబడి చెడిపోదు. కావలసిన రోజున ఒక నాళికను బయటికి తీసి, గోరువెచ్చని నీటిలో అర నిమిషం ఉంచితే అందులోని కణాలు మళ్లీ ఈదడం మొదలుపెడతాయి. పోతు ఎప్పుడో అమ్ముడుపోయినా, చనిపోయినా దాని పిల్లలు పుడుతూనే ఉంటాయి. దీన్ని ఘనీకృత వీర్యంతో కృత్రిమ గర్భోత్పత్తి అంటారు. పల్లెలో రైతు మాటలో అది ‘ఎద సూది’.

గోదావరి డెల్టాలో ఎద సూది అనగానే గుర్తొచ్చేది గేదె. ఉభయ గోదావరి జిల్లాల పాడికి ఈ పద్ధతి దశాబ్దాలుగా ఊపిరి పోస్తోంది. మేక వంతు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి సగం కారణం మేకపోతు శరీరంలోనే ఉంది. మిగతా సగం మేకను సాకే ఇంటి స్థితిగతుల్లో ఉంది. గేదె నడిచిన దారిని ముందు చూస్తే, మేక ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

ఆంబోతు, దేవరపోతు, మేకపోతు

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి నేలతో పాటు అక్కడి పశువుల బతుకునూ మార్చింది. కాలువ నీరు పారిన చోటల్లా బీడు మాగాణి అయింది. మందలు తిరిగే మేత భూములు తరిగిపోయి పుంతలు, కాలువ గట్లు, గోదావరి లంకలు మిగిలాయి. దానికి బదులుగా వరిగడ్డి పుష్కలంగా దొరికింది. వరికోతల తర్వాత చేలో పెరిగే జనుము, పిల్లిపెసర పచ్చిమేత అయ్యాయి. గడ్డిమేటు పక్కన, నీటి గుంట దగ్గర హాయిగా బతికే జంతువు గేదె. అందుకే డెల్టా పాడి గేదె చుట్టూ అల్లుకుంది.

మేక భూమి లేని ఇంటి ఆస్తి అయింది. రెండు మూడు మేకలను పెరట్లో కట్టేసి, అవిసె, సుబాబుల్, పనస రొట్ట విరిచి వేసి, పొద్దువాలే వేళ కాలువ గట్టున తిప్పుకొచ్చే పని ఎక్కువగా కూలి కుటుంబాల ఆడవాళ్లది. పెద్ద మందలు మెట్ట ప్రాంతంలోనూ, పోలవరం, రంపచోడవరం వైపు మన్యంలోనూ నిలిచాయి. అక్కడ కోయ, కొండరెడ్డి కుటుంబాలకు కష్టం వచ్చిన రోజున అమ్ముకోవడానికి ఉన్నది మేకే.

మగ పశువు ఎంపిక ఆ రోజుల్లో ఊరి ఆచారం చేతిలో ఉండేది. పెద్దల పేరిట అచ్చువేసి వదిలిన ఆంబోతు ఊరందరి ఆవులకూ పనికొచ్చేది. అది ఏ చేలో పడి మేసినా దాని మీద చెయ్యి ఎత్తేవారు కాదు. గ్రామదేవతకు వదిలిన దున్నను దేవరపోతు అనేవారు. జాతర నాటిదాకా దానికి అడ్డూ ఆపూ లేదు. మేకపోతుకు అలాంటి రక్షణ ఏదీ దక్కలేదు. మొక్కుబడికి పోతును ఎంచేటప్పుడు ఒడ్డూ పొడుగూ ఉన్నదాన్నే ఎంచుతారు. తుని దగ్గర లోవలోని తలుపులమ్మకు మొక్కు తీర్చే కుటుంబమైనా, దసరాకో బక్రీదుకో కొనడానికి వచ్చిన వ్యాపారి అయినా ముందు చెయ్యి వేసేది నిండుగా పెరిగిన పోతు మీదే. త్వరగా బరువెక్కిన పిల్ల త్వరగా అమ్ముడుపోతుంది. ఎవరూ బేరం ఆడని బక్కపోతు మందలో మిగిలి, మరుసటి ఏటి పిల్లలకు తండ్రి అవుతుంది. మంచి పోతులు సంతకు, నాసి పోతులు మందకు దక్కడం మేకల పెంపకానికి తరతరాలుగా పట్టిన తెగులు. ఇంటి అవసరం కోసం పోతును అమ్మక తప్పనప్పుడు కనీసం దాని విత్తనాన్ని నిలుపుకొనే దారి ఉండాలి. చలి నిల్వ విలువంతా అక్కడే ఉంది.

ఉభయ గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే మగ పశువుల నాణ్యత మీద ప్రభుత్వ దృష్టి పడింది. దక్షిణ భారత పశుసంపద మీద ఆర్. డబ్ల్యు. లిటిల్‌వుడ్ రాసిన గ్రంథం 1936లో వెలువడింది. 1940లో వచ్చిన మద్రాసు పశుసంపద అభివృద్ధి చట్టం నాసిరకం ఆంబోతులకు విత్తు కొట్టించే అధికారాన్ని, మంచివాటికి లైసెన్సు ఇచ్చే పద్ధతిని తెచ్చింది. ఆ శ్రద్ధ ఆవులు, ఎద్దులు, గేదెల దగ్గర ఆగిపోయింది. మేకపోతు గురించి పట్టించుకోవాలన్న ఆలోచన అప్పటికి రాలేదు.

మంచు ఫ్లాస్కు రోజులు

చలి వీర్యకణాన్ని చంపకుండా నిద్రపుచ్చగలదన్న సంగతి చాలా పాతది. ఇటలీకి చెందిన లాజారో స్పలాంజాని 1776లో మంచులో చల్లబరిచిన వీర్యకణాలు కదలిక ఆపేసి, వెచ్చబడగానే మళ్లీ కదలడం గమనించాడు. 1780లో ఆయనే ఒక ఆడకుక్కకు వీర్యం ఎక్కించి పిల్లలు పుట్టించాడు. పందొమ్మిదో శతాబ్దం చివర రష్యాలో ఇల్యా ఇవనోవ్ గుర్రాల్లో ఈ పని మొదలుపెట్టి, తర్వాత ఇతర పశువులకూ విస్తరించాడు. 1936లో డెన్మార్క్ రైతులు కృత్రిమ గర్భోత్పత్తి కోసమే ఒక సహకార సంఘం పెట్టుకున్నారు.

భారతదేశంలో తొలి అడుగు 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో పడింది. సంపత్ కుమారన్ అక్కడ ఆవులకు కృత్రిమంగా చూడి కట్టించారు. 1942లో ఇజత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ ఈ పద్ధతిపై క్రమబద్ధంగా పని ప్రారంభించింది. 1943లో అలహాబాద్ వ్యవసాయ సంస్థలో కృత్రిమ పద్ధతిన గేదె దూడ పుట్టింది.

అప్పటికి నిల్వ అంటే గడ్డకట్టించడం కాదు, చల్లగా ఉంచడం. వీర్యాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే కణం పైపొర దెబ్బతిని చచ్చిపోతుంది. 1940లో అమెరికాలో ఫిలిప్స్, లార్డీ అనే పరిశోధకులు కోడిగుడ్డు పచ్చసొన కలిపిన ద్రావణంలో ఎద్దు వీర్యం రోజుల తరబడి బతుకుతుందని చూపారు. మరుసటి ఏడు శాలిస్‌బరీ బృందం పచ్చసొనకు సిట్రేట్ లవణాన్ని జోడించింది. పచ్చసొనలోని లెసిథిన్, కొవ్వు కలిసిన మాంసకృత్తులు కణం చుట్టూ కవచంలా నిలుస్తాయి. ఈ ద్రావణంలో 5 డిగ్రీల దగ్గర ఉంచిన వీర్యం రెండు మూడు రోజులు పనికొచ్చేది.

మొదటి పంచవర్ష ప్రణాళికతో వచ్చిన కీ విలేజ్ పథకం ఈ ద్రవ వీర్యం మీదే ఆధారపడింది. కొన్ని గ్రామాలను ఒక కూటమిగా చేర్చి, మధ్యలో మేలైన ఆబోతులను ఉంచి, వాటి వీర్యాన్ని చుట్టుపక్కల ఉపకేంద్రాలకు పంపేవారు. థర్మాస్ ఫ్లాస్కులో మంచుముక్కలు, వాటి మధ్య దూదిలో చుట్టిన గాజుగొట్టాలు ప్రయాణం చేసేవి. మంచు కరిగితే సరుకు పోయినట్టే. గోదావరి పాయల నడుమ ఉన్న ప్రాంతంలో ఇది మామూలు కష్టం కాదు. వంతెనలు లేని రోజుల్లో కోనసీమ గ్రామాలకు చేరాలంటే రేవులో పంటు కోసం కాచుకోవాలి. మే నెలలో రాజమహేంద్రవరం ఎండ 45 డిగ్రీలు తాకే రోజులు ఉంటాయి. ఫ్లాస్కులో చలి కొన్ని గంటల మాట. గేదె ఎదకు వచ్చే వేళకు ఫ్లాస్కు చేరకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. దగ్గర్లో దొరికిన దున్నకు దాటించడమే రైతుకు మిగిలిన దారి.

గ్లిజరిన్, ద్రవ నత్రజని

ఈ పరుగుకు విరుగుడు 1949లో లండన్ దగ్గరి మిల్‌హిల్ ప్రయోగశాలలో దొరికింది. క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యాన్ని చక్కెర ద్రావణంలో గడ్డకట్టించే ప్రయత్నంలో ఉన్నారు. ఒక సీసా పని చేసింది, మిగతావి చేయలేదు. పరీక్షించి చూస్తే ఆ సీసాలో ఉన్నది చక్కెర కాదు, గ్లిజరిన్. చీటీ మారిన ఆ సీసాతో పశు సంవర్ధక చరిత్ర మలుపు తిరిగింది. నీరు గడ్డకట్టేటప్పుడు ఏర్పడే మంచు స్ఫటికాలు కణాన్ని చీల్చేస్తాయి. గ్లిజరిన్ కణం లోపలికి చేరి, స్ఫటికాలు పెరగకుండా ఆపుతుంది. 1950ల మొదట్లోనే గడ్డకట్టించిన వీర్యంతో దూడలు పుట్టాయి.

మొదట మైనస్ 79 డిగ్రీల పొడిమంచు వాడేవారు. తర్వాత ద్రవ నత్రజని వచ్చింది. మైనస్ 196 డిగ్రీల వద్ద కణంలో జరిగే రసాయన చర్యలన్నీ దాదాపు నిలిచిపోతాయి. నిల్వ కాలానికి పరిమితి లేకుండా పోయింది. 1960ల్లో ఫ్రాన్స్‌లో కసూ అభివృద్ధి చేసిన సన్నటి నాళికలు, అర మిల్లీలీటరుది, పావు మిల్లీలీటరుది, ప్రపంచమంతా పాకాయి. ప్రతి నాళిక మీద జాతి, ఆబోతు సంఖ్య, కేంద్రం పేరు, సేకరించిన తేదీ ముద్రిస్తారు. దూడకు తండ్రి ఎవరో ఊళ్లో ఎవరినీ అడిగే పని లేకుండా నాళికే చెబుతుంది.

భారతదేశంలో 1963లో కేరళలోని మాట్టుపెట్టిలో మొదలైన ఇండో-స్విస్ ప్రాజెక్టు, 1969లో డెన్మార్క్ సహకారంతో బెంగళూరు దగ్గరి హెస్సరఘట్టలో ఏర్పడిన కేంద్ర ఘనీకృత వీర్య ఉత్పత్తి, శిక్షణ సంస్థ ఈ పద్ధతిని వేళ్లూనేలా చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, నంద్యాల ఘనీకృత వీర్య కేంద్రాల నుంచి నాళికలు జిల్లాలకు వెళ్తున్నాయి. ద్రవ నత్రజని ట్యాంకరులో జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి పెద్ద క్యాన్లలో పశువైద్యశాలలకు, చివరకు మోటారుసైకిలు వెనక కట్టిన మూడు లీటర్ల క్యానులో రైతు మకాం దాకా చేరుతుంది. మూత తీయగానే తెల్లటి ఆవిరి పొంగే ఆ అల్యూమినియం క్యాను డెల్టా పల్లెల్లో పిల్లలకు కూడా తెలిసిన వస్తువు. రెండు మూడు వారాలకోసారి నత్రజని నింపుతూ ఉండాలి. ఒక్కసారి అడుగంటితే నాళికలన్నీ పనికిరాకుండా పోతాయి. బయటికి తీసిన నాళిక చెక్కుచెదరకుండా కనిపిస్తుంది కాబట్టి నష్టం జరిగిందని చూపుకు తెలియదు. గేదె మళ్లీ ఎదకు వచ్చినప్పుడే తెలుస్తుంది.

గోదావరి గేదె వేసిన బాట

ఈ వ్యవస్థ ఫలితం డెల్టాలో ఎదురుగా కనిపిస్తుంది. హర్యానాలోని రోహ్‌తక్, హిస్సార్, జింద్ ప్రాంతాల ముర్రా దున్నల రక్తంతో స్థానిక గేదెలను తరతరాలుగా మెరుగుపరచగా ఉభయ గోదావరి జిల్లాల్లో ఒక ప్రత్యేక రకం నిలదొక్కుకుంది. దాన్నే గోదావరి గేదె అంటున్నారు. మధ్యస్థమైన, గట్టి ఒళ్లు, నల్లటి రంగు, పలుచగా గోధుమ వన్నె వెంట్రుకలు దాని గుర్తులు. రోజుకు 5 నుంచి 8 లీటర్ల పాలు, చిక్కటి వెన్న దాని సొత్తు. డెల్టా ఉక్కను, వరిగడ్డి మేతను తట్టుకోవడం దాని బలం. తాడేపల్లిగూడెం దగ్గరి వెంకట్రామన్నగూడెంలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే గేదెల పరిశోధన కేంద్రం ఈ రకం మీదే పని చేస్తోంది.

గేదెల్లోనూ అంతా సులువుగా జరగలేదు. వేసవిలో గేదె అరవదు, తీగలు వేయదు, ఎదకు వచ్చినా బయటికి కనిపించదు. దీన్ని మూగ ఎద అంటారు. తెల్లవారుజామున, పొద్దుపోయాక గేదెను గమనించే అలవాటు రైతుకు రావాలి. సమయానికి సూది వేసే మనిషి ఊళ్లో ఉండాలి. రాష్ట్ర పశుగణాభివృద్ధి సంస్థ గ్రామీణ యువకులకు శిక్షణ ఇచ్చి గోపాలమిత్రలుగా నిలబెట్టడం, 2020లో మొదలైన రైతు భరోసా కేంద్రాల్లో పశు సంవర్ధక సహాయకులను నియమించడం ఆ లోటును పూడ్చే ప్రయత్నాలే. డెల్టా ఇందులోంచి మూడు సంగతులు నేర్చుకుంది. మగ పశువు నాణ్యమైనదై ఉండాలి. చలి గొలుసు ఎక్కడా తెగకూడదు. ఎదను కనిపెట్టే కన్ను ఇంట్లోనే ఉండాలి. మేకకు వర్తించేవీ ఈ మూడే.

గుడ్డు సొన దగ్గర వచ్చిన చిక్కు

గ్లిజరిన్ గుణం తెలిసిన మరుసటి ఏడే, 1950లో, స్మిత్, పోల్జ్ మేకపోతు వీర్యాన్ని గడ్డకట్టించారు. ఆరంభం అంత తొందరగా జరిగినా మేకలో ఈ పద్ధతి ఎద్దులో సాగినట్టు సాగలేదు. ఎద్దు వీర్యానికి ప్రాణరక్ష అయిన పచ్చసొనే మేక వీర్యానికి ముప్పు తెచ్చింది. పచ్చసొన బాగా కలిపిన ద్రావణంలో మేక వీర్యం వేసి కాసేపు ఉంచితే ద్రావణం పెరుగు తోడుకున్నట్టు గడ్డకడుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే, కొద్దిసేపటి క్రితం సుడులు తిరుగుతూ ఈదిన కణాలు ఆ గడ్డల మధ్య చిక్కుకుని కదలకుండా పడి ఉంటాయి.

కారణం 1957లో తెలిసింది. మేక వీర్యంలోనూ, మూత్రనాళం పక్కన ఉండే కౌపర్ గ్రంథిలోనూ పచ్చసొనను గడ్డకట్టించే ఎంజైమ్ ఉన్నదని రాయ్ అనే పరిశోధకుడు నేచర్ పత్రికలో ప్రకటించాడు. తర్వాత జపాన్ శాస్త్రవేత్తలు దాని గుణాలను విడమరిచి చెప్పారు. ఆ ఎంజైమ్ పచ్చసొనలోని లెసిథిన్‌ను విరగ్గొట్టి లైసోలెసిథిన్‌గా మారుస్తుంది. అది వీర్యకణానికి విషం. పచ్చసొన బదులు వెన్న తీసిన పాలు వాడదామన్నా ఇబ్బందే ఎదురైంది. అదే గ్రంథి నుంచి వచ్చే మరో మాంసకృత్తి పాలలోని కొవ్వును విరిచి కణాల కదలికను తగ్గిస్తుందని 1990ల్లో ఫ్రాన్స్‌లో తేలింది.

దీనికి రెండు రకాల పరిష్కారాలు వచ్చాయి. మొదటిది కడగడం. వీర్యాన్ని ద్రావణంలో కలిపి యంత్రంలో గిరగిర తిప్పితే కణాలు అడుగుకు చేరతాయి. పైన తేలిన ద్రవంతో పాటు ఎంజైమ్ కూడా పోతుంది. ఫ్రాన్స్‌లో కోర్తీల్ 1970ల్లో ఈ పద్ధతికి మేలు ఉందని చూపాడు. కడిగేటప్పుడు కొన్ని కణాలు పోతాయి, పనీ పెరుగుతుంది. రెండోది పచ్చసొన పాలును తగ్గించడం. ట్రిస్, సిట్రిక్ ఆమ్లం, ఫ్రక్టోజ్ కలిసిన ద్రావణంలో తక్కువ పచ్చసొనతో పని నడిపించే పద్ధతి భారతీయ ప్రయోగశాలల్లో ఎక్కువగా స్థిరపడింది. సోయా లెసిథిన్ వాడే ద్రావణాలూ వచ్చాయి.

తణుకు, అనపర్తి, మండపేట, పెద్దాపురం చుట్టూ కోళ్ల ఫారాలు విస్తరించిన గోదావరి ప్రాంతానికి కోడిగుడ్డు రోజూ లారీల్లో తరలివెళ్లే సరుకు. గేదె ఎద సూదికి ఆధారమైన ఆ పచ్చసొనే మేక దారిలో దశాబ్దాల పాటు అడ్డుగా నిలిచింది. ఒక జంతువుకు పనికొచ్చిన పద్ధతిని మరో జంతువుకు యథాతథంగా వాడడం కుదరదని ఈ అనుభవం గట్టిగా నేర్పింది.

మేక మీద ప్రత్యేకంగా పరిశోధన చేయడానికి 1979లో ఉత్తరప్రదేశ్‌లోని మథుర దగ్గర మఖ్దూంలో కేంద్ర మేకల పరిశోధన సంస్థ వెలిసింది. జమునాపారి, బార్బరి వంటి జాతుల వీర్యం గడ్డకట్టించే పద్ధతులు అక్కడ కుదురుకున్నాయి. కేరళ పశుధన అభివృద్ధి బోర్డు పాలక్కాడ్ దగ్గరి ధోణిలో మేకపోతుల వీర్యం నాళికల్లో నింపి రైతులకు చేర్చే పని చేపట్టింది. దక్షిణాదిలో మేకకు ఎద సూది రైతు గడపకు చేరగలదని చూపిన ఉదాహరణ అది.

సేకరణ నుంచి నిల్వ దాకా

పని తెల్లవారుజామున, చల్లటి వేళ మొదలవుతుంది. పోతు పొట్ట కింది వెంట్రుకలు కత్తిరించి, శుభ్రంగా తుడుస్తారు. ఎదకు వచ్చిన మేకనో, మరో మేకనో కట్టుగొయ్యకు కట్టి పోతును దగ్గరికి తెస్తారు. లోపలి గోడల మధ్య వేడినీళ్లు నింపిన రబ్బరు గొట్టం, అంటే కృత్రిమ యోని, చేతిలో సిద్ధంగా ఉంటుంది. దాని వేడి 42 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లబడితే పోతు స్పందించదు. పోతు ఎక్కిన క్షణంలో పని ముగిసిపోతుంది. గొట్టం చివర గాజు పాత్రలో మీగడలా చిక్కటి వీర్యం చేరుతుంది.

పరిమాణం చూస్తే చాలా తక్కువ, అర మిల్లీలీటరు నుంచి మిల్లీలీటరున్నర దాకా ఉంటుంది. కణాలు మాత్రం మిల్లీలీటరుకు 200 నుంచి 500 కోట్లు. మిల్లీలీటరులో 300 కోట్ల కణాలు ఉన్నాయనుకుని, ఒక్కో నాళికకు 10 కోట్లు నింపితే 30 నాళికలు కావాలి. పనిలో పోయేవి పోగా 20 మిగిలాయనుకున్నా, వారానికి రెండుసార్లు సేకరిస్తే ఏడాదికి రెండు వేల నాళికలు తయారవుతాయి. మందలో తిరిగే పోతు ఒక ఎద కాలంలో 25, 30 మేకలకు మించి సరిపోదు.

గాజు పాత్రను వెంటనే 37 డిగ్రీల నీటిలో నిలబెడతారు. రంగు, చిక్కదనం చూసి, ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడతారు. మంచి వీర్యంలో కణాలు విడివిడిగా కనిపించవు. గాలివానకు ముందు మబ్బుల్లా సుళ్లు తిరుగుతూ అలలుగా కదులుతాయి. ఆ తర్వాత ద్రావణం కలిపి, నెమ్మదిగా 5 డిగ్రీలకు దించి, గ్లిజరిన్ కణంలోకి ఇంకడానికి కొన్ని గంటలు ఉంచుతారు. నాళికల్లో నింపి, చివర్లు మూసి, ద్రవ నత్రజని పైన కొన్ని అంగుళాల ఎత్తులో, ఆవిరిలో పది నిమిషాల పాటు పరుస్తారు. చివరకు నత్రజనిలోకి ముంచుతారు. ఒక్కో దఫా నుంచి ఒకటి రెండు నాళికలు కరిగించి చూసి, తగినన్ని కణాలు బతికి ఉంటేనే ఆ దఫాను నిల్వకు పంపుతారు. బ్రూసెల్లోసిస్ వంటి జబ్బుల పరీక్షల్లో నెగ్గిన పోతులనే ఈ పనికి వాడాలి. ఎందుకంటే మందలో తిరిగే రోగపు పోతు ఆ ఊరి మేకలనే పాడు చేస్తుంది, వీర్య కేంద్రంలోని రోగపు పోతు జిల్లాను పాడు చేస్తుంది.

మేక దగ్గర

మేక 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. ఎద ఒకరోజు నుంచి ఒకటిన్నర రోజు దాకా ఉంటుంది. తోక అదేపనిగా ఊపడం, అరవడం, మేత తగ్గించడం, మాటిమాటికీ మూత్రం పోయడం దాని గుర్తులు. పెరట్లో ఒంటరిగా కట్టేసిన మేకలో ఈ గుర్తులు తప్పిపోవచ్చు. మందలో అయితే పొట్ట కింద గోనెపట్టా కట్టిన పోతును పొద్దునా సాయంత్రమూ తిప్పితే ఎదలో ఉన్న మేకను అదే పట్టిస్తుంది. ఎద మొదలైన 12 గంటల తర్వాత సూది వేయడం మంచి అదను.

సూది వేయడానికి ఇద్దరు కావాలి. ఒకరు మేక వెనక కాళ్లను పైకెత్తి, తల కిందికి ఉండేలా పట్టుకుంటారు. రెండో వ్యక్తి నాళికను 37 డిగ్రీల నీటిలో అర నిమిషం కరిగించి, నీటిచుక్క మిగలకుండా తుడిచి, చివర కత్తిరించి గన్‌లో అమరుస్తారు. దీపం ఉన్న సన్నటి గొట్టంతో లోపల చూస్తే గర్భాశయ ముఖద్వారం ఎర్రగా కనిపిస్తుంది. గన్‌ను దాని మడతల మధ్యకు మెల్లగా పంపి, వీర్యాన్ని నెమ్మదిగా వదులుతారు. గేదెలో చెయ్యి లోపలికి పెట్టి గర్భాశయాన్ని పట్టుకునే వీలుంటుంది. మేకలో అది కుదరదు. అందుకే గేదెలకు ఏళ్లుగా సూది వేసిన వారికి కూడా మేకకు ప్రత్యేక శిక్షణ అవసరం. చూలు నిలిస్తే దాదాపు 150 రోజులకు ఈనుతుంది.

మంద మొత్తానికి ఒకే రోజున సూది వేయాలంటే హార్మోన్ స్పాంజీలతోనో, ప్రోస్టాగ్లాండిన్ సూదులతోనో మేకలన్నింటినీ ఒకేసారి ఎదకు తెస్తారు. పిల్లలూ కొద్దిరోజుల తేడాతో పుడతాయి కాబట్టి సాకడం, సంతకు సిద్ధం చేయడం సులువు. దీనికి ఖర్చు ఉంది. రెండు మూడు మేకలున్న ఇంటికి అది భారం. గడ్డకట్టించిన వీర్యంతో చూలు నిలిచే శాతం తాజా వీర్యం కంటే తక్కువన్నదీ నిజం. దగ్గర్లోనే మంచి పోతు ఉన్న చోట 5 డిగ్రీల వద్ద చల్లబరిచిన ద్రవ వీర్యాన్ని ఒకటి రెండు రోజుల్లో వాడుకోవడం మేలైన పని. పంటు దిగిన ఆ పాత మంచు ఫ్లాస్కు పద్ధతి, రోడ్లు, వంతెనలు వచ్చిన ఈ రోజుల్లో, మేకకు మళ్లీ అక్కరకు వస్తుంది.

నిల్వ ఎందుకు, దేన్ని నిల్వ చేయాలి

2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.89 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 55 లక్షలు. 2021-22లో మార్చిన జాతీయ పశుధన మిషన్ గొర్రె, మేక వీర్య ఉత్పత్తి ప్రయోగశాలలకు, రాష్ట్ర వీర్య బ్యాంకులకు, ఇప్పటికే ఉన్న పశువుల కృత్రిమ గర్భోత్పత్తి కేంద్రాల ద్వారా మేకలకూ సేవ అందించడానికి సాయం ప్రకటించింది. నత్రజని రవాణా, క్యాన్లు, శిక్షణ ఉన్న మనుషులు గోదావరి జిల్లాల్లో గేదె కోసం ఏర్పడి ఉన్నారు. కొత్తగా కావలసింది మేక నాళికలు, మేకకు తగిన గన్, చేతికి అలవాటు.

డెల్టాకు నిల్వ అవసరాన్ని ప్రకృతి పదేపదే గుర్తుచేసింది. 1986 ఆగస్టు వరదలో లంకలు, పల్లపు గ్రామాలు మునిగాయి. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఊడ్చేసింది. ఇలాంటి రాత్రుల్లో ముందు కొట్టుకుపోయేది కట్టేసి ఉన్న మేక. బతికి బయటపడ్డ ఇంటికి కొత్త మేకను కొనిపెట్టవచ్చు. ఆ ప్రాంతపు ఉక్కను, బురదను, నట్టల బెడదను తట్టుకుంటూ తరాలుగా నిలిచిన స్థానిక మేకల రక్తం పోతే దాన్ని ఏ సంతలోనూ కొనలేరు. ఎత్తున ఉన్న ఊరిలో, తాళం వేసిన గదిలో నిలబెట్టిన ఒక నత్రజని పాత్ర ఆ రక్తాన్ని వరద అందుకోలేని చోట ఉంచుతుంది.

అందుకే జమునాపారి, బీటల్ వంటి పెద్ద జాతుల నాళికలను తెచ్చి పంచడంతో బాధ్యత తీరిపోదు. వాటితో సంకరం చేస్తే పిల్లల ఒడ్డు పెరగవచ్చు. అదుపు లేకుండా చేస్తే డెల్టా తేమకు అలవాటుపడిన స్థానిక లక్షణాలు చెరిగిపోతాయి. స్థానిక మందల్లోని మేలైన పోతులనూ వెతికి నిల్వ చేయాలి. ఆ వెతుకులాట ప్రయోగశాలలో జరిగేది కాదు. ఏ తల్లి కవలలను ఈనింది, రెండు పిల్లలకూ పాలు సరిపోయాయా, ఆరో నెలలో, తొమ్మిదో నెలలో, ఏడాదికి పిల్ల ఎంత బరువు తూగింది అన్న లెక్క రాసి పెట్టాలి. ఆ సంగతులు ఇప్పటికీ మేకను సాకే ఆడవాళ్ల జ్ఞాపకంలో పదిలంగా ఉన్నాయి. వాటిని అడిగి రాసుకునే పుస్తకం ఊరూరా ఉండాలి. పోతును సంతకు తోలే ముందు కొన్ని వారాలు వీర్య కేంద్రానికి ఇచ్చే ఏర్పాటు, అందుకు ఆ ఇంటికి తగిన డబ్బు ఉండాలి. అప్పుడు ఆ ఇల్లు పోతును అమ్ముకుంటుంది, ఊరికి దాని సంతతి మిగులుతుంది.